బొటనవ్రేలి తీర్పు: ప్రైమరు కూర్చు చేతిపనిముట్టును గురించి

తూటా కర్మాగారమున పుట్టవలసిన వస్తువే గాని మనుష్యుని చేతిలో రూపు దిద్దుకొనదగినది కాదని తలచువారు మన ప్రాంతమున పెక్కురు కలరు. అందుకు కారణము లేకపోలేదు. 1959 నాటి ఆయుధ చట్టము ననుసరించి మన దేశమున అనుమతిపత్రము లేనిదే తూటా తయారుచేయుట నేరము గనుక, మా సామర్లకోట వంటి యూరిలో ఈ విద్యను కన్నులార చూచినవారు అరుదు. కాని అమెరికాలో స్థిరపడి, సెలవుదినములలో గురిపోటీలకు పోవు మన గోదావరి బిడ్డలలో కొందరికి ఇది యింటివిద్యయే. టెక్సాసులో మా తమ్ముని కుమారుడు, పేల్చిన ఇత్తడి గుల్లలను ఏరి తెచ్చి, శుభ్రపరచి, వానికి మరల ప్రాణము పోయు తీరును చూచిన నాటినుండియు నేనీ కళకు, అందు ముఖ్యముగా, దెబ్బ తగిలినంతనే మండి గుల్లలోని మందును రగిల్చు చిన్న లోహపు గిన్నెయగు ప్రైమరును గుల్లలో కూర్చు చిన్న పనిముట్టునకు, దాసుడనైతిని.

పూర్వవృత్తాంతమును క్లుప్తముగా చెప్పెదను. చెకుముకి తుపాకి మెఱుపును చూచి పక్షులు ముందే లేచిపోవుచున్నవని విసిగిన ఫోర్సైత్ అను స్కాట్లండు మతాచార్యుడు, తాకిడికి మండు రసాయనముతో తుపాకిని పేల్చు విధానమునకు 1807లో పేటెంటు పొందెను. నేటి ప్రైమరునకు మూలపురుషుడాతడే. పిమ్మట ఇంగ్లండువాడైన బాక్సరు, అమెరికావాడైన బెర్డాను చెరియొక పద్ధతిని కల్పించిరి. చిత్రమేమనగా, బాక్సరు పద్ధతి అమెరికాలోను, బెర్డాను పద్ధతి ఐరోపా సైన్యములలోను స్థిరపడినవి. బాక్సరు ప్రైమరు తన దాగలిని తనలోనే యుంచుకొనును, గుల్ల నడుమ ఒకటే రంధ్రముండును. కావున కాలిన ప్రైమరును ఒక సూదితో బయటికి నెట్టి క్రొత్తది కూర్చుట సులభము. ఈ సౌలభ్యమే అమెరికాలో ఇంటింట రీలోడింగునకు, అనగా పేల్చిన గుల్లలను మరల తూటాలుగా నింపుటకు, పునాది యైనది.

ఇక అసలు విషయము. గుల్ల అడుగున నుండు గుంటలో ప్రైమరును దింపుట చూపునకు అల్పకార్యమే. ప్రైమరు వ్యాసము చిన్నదైన 0.175 అంగుళము, పెద్దదైన 0.210 అంగుళము మాత్రమే. అయినను తూటా సత్యము సగమిక్కడనే యున్నది. దాగలి కాళ్లు గుంట అడుగును గట్టిగా తాకవలెను. ప్రైమరు పైతట్టు గుల్ల అడుగునకు మించి రాక, అంగుళమున వెయ్యింట మూడు మొదలు ఐదు వంతుల వరకు, లేతుపనివారి మాటలో మూడు నుండి ఐదు థౌల లోతున, నిలువవలెను. పైకి పొడుచుకొని యున్నచో, తనంతట తూటాను ఎక్కించుకొను తుపాకిలో మీట నొక్కకయే పేలు ప్రమాదము కలదు. అడుగు తాకకున్నచో సుత్తి దెబ్బబలము ప్రైమరును క్రిందికి దించుటకే వ్యయమై, తూటా పేలకపోవచ్చును. ఈ లోతును కన్ను చూడజాలదు. ప్రైమరు అంచు గుంటలో ప్రవేశించు క్షణము, గోడల నొరయుచు జారు క్షణము, అడుగు తాకి ఆగు క్షణము, ఈ మూడింటిని వ్రేలు వేర్వేరుగా గుర్తించవలెను. ఉప్పాడ జాందానీ నేతకాడు పోగు బిగువును కంటితో గాక చేతితో నెఱుగునట్లే, నేర్పరియైన రీలోడరు గుంట వదులైనదో బిగువైనదో, ఏ గుల్ల కాలము చెల్లినదో పనిముట్టు మీట మూలముననే యెఱుగును.

అందుచేతనే ప్రైమింగు పనిముట్టును ఎన్నుకొనువాడు వేగమును గాక స్పర్శను కొలబద్దగా గైకొనవలెను. బల్లకు బిగించిన ప్రెస్సుతో ప్రైమరు కూర్చవచ్చును. కాని ఆ పొడవైన మీటకు బలమెక్కువ, మాటాడు శక్తి తక్కువ. చేతిలో పట్టుకొను పనిముట్లలో విస్కాన్సిన్‌కు చెందిన రిచర్డ్ లీ కల్పనలకు నేను శిరసు వంచుదును. ఆయన 1958లో తెచ్చిన లోడరు, తొలుత షాట్‌గన్ తూటాలకు, తరువాత రైఫిలు తూటాలకు, సుత్తిపోటుతోనే పనిచేసెడిది; ప్రైమరు దింపుచుండగా అప్పుడప్పుడు అది ఢమ్మని పేలి కొట్టినవానిని అదరగొట్టుటయు కలదు. ఆపై వచ్చిన ఆటో ప్రైము, బొటనవ్రేలితో నొక్కు మీటయు, గుండ్రని పళ్లెమును గల సాధనము, సామాన్యుని బల్లపై స్పర్శకు పట్టము గట్టినది. ఫ్రెడ్ హంటింగ్టన్ 1943లో కాలిఫోర్నియాలో నెలకొల్పిన ఆర్.సి.బి.ఎస్. వారి పనిముట్టు అరచేతితో పిండునది. ప్రెస్సులో గుల్లను పట్టి నిలుపు షెల్ హోల్డర్లే దానికి చాలును, పైగా పళ్లెములోని ప్రైమర్లను కూర్చుచున్న దానినుండి వేరుచేయు తలుపు కలదు. కె అండ్ ఎం వారిది ఒక్కొక్క ప్రైమరును వ్రేళ్లతో పెట్టవలసిన ఏకాహారి; లోతును గడియారపు ముల్లుతో చూపు రకము కూడ కలదు. నా పక్షపాతమును దాచను: నేర్చువానికి బొటనవ్రేలి మీట, నేర్చినవానికి కె అండ్ ఎం, తక్కినవన్నియు తొందరవారికి.

కొనుటకు ముందు చూడవలసినవి కొన్ని గలవు: ప్రైమరును నెట్టు కడ్డీ గుంట నడిమికి సూటిగా వచ్చునా, గుల్లను పట్టు హోల్డరులో ఊగులాట గలదా, చిన్న పెద్ద ప్రైమర్ల కడ్డీలు సులువుగా మారునా, మీట నీ చేతికి సరిపడునా. పళ్లెము గల పనిముట్టులో ఏ తయారీ ప్రైమర్లు వాడవచ్చునో తయారీదారు చెప్పినచో దానిని శాసనముగా పాటింపవలెను; ఏలయన ఒకటి పేలినచో పళ్లెములోని తక్కినవి దానిని వెంబడించును. కంటికి అద్దములు తప్పనిసరి; ప్రైమరు మొరాయించినచో బలప్రయోగము నిషిద్ధము.

ఈ సూక్ష్మతకు ఫలమేమని యడుగువారికి మహనీయుల కథలే సమాధానము. తుపాకిగొట్టముల శిల్పి హారీ పోప్ కాలమున షూట్‌జెన్ అను గురిపోటీలలో పాల్గొనువారు పోటీ యంతటికిని ఒకే యొక గుల్లను వాడుచు, ప్రతి గురికిని అక్కడికక్కడే ప్రైమరు మార్చి, మందు పోసి, గుండును గొట్టము ముందునుండి దించెడివారు. పోప్ గొట్టముతో సి. డబ్ల్యు. రోలండ్ 1901లో 200 గజముల దూరమున పది గుండ్లను 0.725 అంగుళములో నిలిపెను! 1973లో మాక్ మెక్మిలన్ అను గురికాడు నూరు గజముల దూరమున ఐదు గుండ్లను 0.009 అంగుళపు కొలతలో నిలిపినాడన్న, ఐదును దాదాపు ఒకే రంధ్రమున దూరినవన్నమాట. ఆ రికార్డును 2013లో మైక్ స్టినెట్ 0.0077తో దాటుటకు నలుబది సంవత్సరములు పట్టినది. ప్రైమరు ఒక్కటే ఈ అద్భుతములకు కారణమని చెప్పను. కాని ప్రైమరు విషయమున అలసుడైనవాడెవ్వడును ఆ పీఠమును ఎక్కజాలడు.

ఇంతటి విద్యకు నేడు పట్టిన గతి చూడగా మనసు మండుచున్నది. పోత లోహపు మీటలు, ప్లాస్టిక్కు పళ్లెములు, అతుకుల వద్ద నెలల్లోనే అరిగిపోవు కీళ్లు గల నకళ్లు చౌక ధరలకు దిగుచున్నవి. మా పిల్లవాడు మోజుపడి తెప్పించిన అట్టి యొక నకలు కడ్డీ ప్రక్కకు వాలి, ప్రైమర్లను వంకరగా దింపి, మంచి గుల్లలను చెడగొట్టినది. వంకరగా దిగిన ప్రైమరు పాడైన తూటాయే గాదు, ప్రక్కన కూర్చున్నవాని కంటికి అపాయము గూడ. ఇక విద్యుత్తుతో తిరుగు యంత్రములు వచ్చినవి. గంటకు వేలకొలది కూర్చునట! వేల తూటాలు కావలసినవారు కర్మాగారమున కొనుక్కొనవచ్చును గదా! చేతితో చేయుటకు గల యేకైక ప్రయోజనము చేతికి తెలియుటయే. ఆ తెలివిని యంత్రమున కప్పగించి మిగిలిన చాకిరిని తాము చేయువారి లెక్క నాకు బోధపడదు.

కావున విదేశములలోని మన తెలుగు యువకులకు నా విన్నపమిది. మీ క్లబ్బులలో క్రొత్తగా చేరినవానికి ప్రెస్సు చూపకముందే ఒంటి ప్రైమరు పనిముట్టును చేతికీయుడు. మందు లేని గుల్లలో ప్రైమరు దింపించి, ఆ మూడు క్షణములను తానే పేరుపెట్టి చెప్పువరకు ముందుకు పోనీయకుడు. పాత ఆటో ప్రైములు ఎవరి పెట్టెలోనైన పడియున్నచో పారవేయకుడు, తుడిచి, నూనె పెట్టి, కుఱ్ఱవానికిండు. కొనువాడు అడిగినంత కాలమే మంచి పనిముట్టు దొరకును. చౌకదానిని పట్టుకొని సర్దుకొనువారి సంఖ్య పెరిగినచో, రేపు డబ్బు పెట్టెదమన్నను అమ్మువాడుండడు.