బోరుబావికి హరీమ్ ఎంత?

సాంకేతిక విజ్ఞానం మనిషికి సేవకురాలు మాత్రమేననీ, దాన్ని మంచికి వాడుకోవడమా చెడుకు వాడుకోవడమా అన్నది మన చేతిలోనే వున్నదనీ ఒక వాదం తరచు వినబడుతుంది. ప్రభుత్వ ప్రచురణలలోనూ ఇదే ధోరణి, మన ధార్మిక పత్రికలలోనూ ఇదే ధోరణి. ఈ మాట సగమే నిజం. పనిముట్టు ఊళ్ళోకి ఒంటరిగా రాదు. ఒక చట్టాన్నో, ఒక ధరల పట్టికనో, ఒక సబ్సిడీనో వెంటబెట్టుకొని వస్తుంది. అవన్నీ కలిసి ఇరుగుపొరుగుల సంబంధాలను మార్చివేస్తాయి. పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి మండలాలలో, అనగా మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో, నీటి విషయంలో జరిగినది ఇదే. దీనికి పరిష్కారమని మనవారిలో కొందరు ఒక ఫిఖ్హ్ సూత్రాన్ని ఉదహరిస్తుంటారు. దాన్ని కూడా ఇక్కడ పరీక్షించవలసి వున్నది, ఎందుకంటే వారు ఉదహరించే తీరులో ఒక లోపం వుంది.

ఈ ప్రాంతపు నేల అడుగున వున్నది గ్రానైటు, నైస్ శిలలు. పైన శిథిలమైన రాతిపొరలో కొంత నీరు, దాని కింద రాతి పగుళ్ళలో మరికొంత నీరు నిలుస్తుంది. మదనపల్లె దిక్కు బాహుదా గాని, కుప్పం దిక్కు పాలారు గాని ఏడాది పొడుగునా పారేవి కావు. అందువల్ల పూర్వులు చెరువుల మీద ఆధారపడ్డారు. ఎగువ చెరువు మరువ పారితే దిగువ చెరువు నిండేది. చెరువు కట్టించి బాగోగులు చూసేవారికి దశబంధం ఇనాములుండేవి, తూము దగ్గర వంతు ప్రకారం నీరు వదలడానికి నీరుగట్టి వుండేవాడు. మదనపల్లెలోని నీరుగట్టువారిపల్లె నేడు పట్టుచీరల మగ్గాలకు ప్రసిద్ధి. ఆ ఉద్యోగం పోయింది, పేరు మిగిలింది. ఆ కాలమంతా ధర్మబద్ధంగా నడిచిందని అనడం నా ఉద్దేశం కాదు. చెరువు కింది మాగాణి ఎవరిదో, కట్ట మీద మన్ను మోసినవారెవరో మన పెద్దలకు తెలియనిది కాదు. అయితే నీరు ఎంత వున్నదో ఊరంతటికీ కనబడేది. బావిలోనూ అంతే. కపిల తోలే రైతు ఎద్దులు ఎన్నిసార్లు దిగి ఎక్కాయో పక్క చేనివాడు లెక్క పెట్టగలడు, నీరు ఎన్ని మెట్లు దిగిందో తొంగి చూడగలడు. బోరు వచ్చిన తరువాత ఈ సాక్ష్యం పోయింది. ఆరంగుళాల గొట్టంలోకి తొంగి చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు.

గట్టి రాతిని తొలిచే రిగ్గు మన దేశంలో వ్యాపించిన చరిత్ర గమనార్హమైనది. 1967లో బీహారు కరవు సమయంలో యునిసెఫ్ సంస్థ విమానాల మీద రిగ్గులు తెప్పించింది. ఉద్దేశం దప్పిక తీర్చడం. తరువాత వచ్చిన చేతిపంపు కూడా ఆ పనికే. కాని దప్పిక కోసం వచ్చిన యంత్రం అక్కడితో ఆగలేదు. తమిళనాడులోని తిరుచెంగోడు రిగ్గు లారీలు మన ఊళ్ళ దారి పట్టాయి, బోరులోకి సబ్‌మెర్సిబుల్ మోటారు దిగింది. ఇక కరెంటు సంగతి. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం వ్యవసాయ మోటార్లకు హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయల శ్లాబు పెట్టింది. 2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజునే వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఉచిత విద్యుత్తు ఫైలు మీద సంతకం చేశారు. కరవు ప్రాంతపు రైతుకు ఇది గొప్ప ఊరట. కాలువ కింది రైతుకు ప్రభుత్వం నీటిని దాదాపు ఉచితంగానే ఇస్తున్నప్పుడు మెట్ట రైతు మాత్రం కరెంటు ఎందుకు కొనాలి అన్న ప్రశ్నలో న్యాయం వున్నది. కాని శ్లాబు పద్ధతిలో ఒక గంట తోడినా పది గంటలు తోడినా ఒకే ఖర్చు. ఆ పైన ఉచితమైతే ఆపడానికి కారణమే లేదు. మీరు ఆపితే పక్కవాడు తోడుతాడు. రైతు దురాశపరుడని నిందించేవారు ఈ లెక్కను ఒకసారి వేసి చూడాలి.

దీనికంతటికీ అడుగున పాత చట్టమొకటి వున్నది. తన భూమి కిందనున్న నీటిని తన హద్దుల లోపల తోడుకునే హక్కు భూయజమానికి వున్నదని 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ఇంగ్లండు న్యాయసూత్రం ననుసరించి గుర్తించింది. భూమి లేనివానికి నీరూ లేదన్నమాట. కౌలుదారుకు, పశువులు మేపుకునేవానికి, నాలుగు సెంట్ల ఇంటిస్థలం గలవానికి ఆ హక్కు పేరుకు మాత్రమే.

1990ల చివర్లో కుప్పంలో ఇజ్రాయెల్ సాంకేతిక సహకారంతో డ్రిప్ సేద్యపు ప్రదర్శన క్షేత్రాలు వెలిశాయి. కుప్పం ముఖ్యమంత్రి నియోజకవర్గం కాబట్టి దేశమంతటా వాటి పేరు మారుమ్రోగింది. 2003లో సూక్ష్మ సేద్య పథకం రాష్ట్రమంతటికీ వచ్చింది. చుక్క చుక్కగా మొక్క మొదట నీరు పడటం మంచిదే. దాన్ని కాదనేవారెవరూ లేరు. కాని ఇజ్రాయెల్‌లో ఆ పైపు వెనుక ఏమున్నదో ప్రచురణలలో చెప్పలేదు. అక్కడ 1955లోనే నీటికి మీటరు తప్పనిసరి చేశారు, బావుల తవ్వకాన్ని నియంత్రించారు. 1959 చట్టం ప్రకారం భూమి ఎవరిదైనా నీరంతా ప్రభుత్వానిదే, రైతుకు కోటా మాత్రమే. మనవారు పైపు తెచ్చారు, మీటరును అక్కడే వదిలి వచ్చారు. ఫలితం ఊహించదగినదే. ఎకరాకు పారే నీటితో రెండెకరాలు పారించవచ్చునని తెలిసినప్పుడు రైతు మిగిలిన నీటిని భూమిలో వుంచడు, రెండో ఎకరాలో టమోటా నాటుతాడు. పైగా సబ్సిడీ కావాలంటే పట్టా, బోరు, కరెంటు కనెక్షను ముందే వుండాలి. నీరున్నవానికే నీటి పొదుపు సహాయం.

(నియంత్రణ చట్టం వుంటే చాలునని కూడా అనుకోరాదు. అదే ప్రభుత్వం 1967 ఆక్రమణ తరువాత పశ్చిమ తీరంలో సైనిక అనుమతి లేనిదే పాలస్తీనీయులు బావి తవ్వరాదని ఉత్తర్వు చేసింది. అక్కడ అనుమతి పత్రమే ఆయుధమైంది.)

పుంగనూరు ఆవు కథ కూడా ఇటువంటిదే. కొద్దిపాటి ఎండుమేతతో బ్రతికే ఆ పొట్టి జాతి, ఎక్కువ పాలకోసం జెర్సీ, హోల్‌స్టీన్ సంకరాన్ని ప్రోత్సహించిన విధానం కింద దాదాపు కనుమరుగయింది. పలమనేరు పరిశోధన కేంద్రం పుణ్యమా అని కొంత మిగిలింది. సంకరజాతి ఆవుకు పచ్చిమేత కావాలి, పచ్చిమేతకు బోరు కావాలి. మదనపల్లె మార్కెట్టులో టమోటా ధర 2023లో కిలో వంద దాటినప్పుడు పత్రికలు కోటీశ్వరులైన రైతుల గురించి వ్రాశాయి. వెయ్యి అడుగులు తొలిచినా నీరు పడని బోర్ల అప్పు ఆ వార్తలలోకి రాలేదు.

ఇక మన విషయం. బావి చుట్టూ ఇతరులు మరొక బావి తవ్వరాని హద్దును ఫుఖహా హరీమ్ అన్నారు. పశువులకు నీరు పెట్టే బావికి అది 40 మూరలు. ఒంటెతో తోడి పొలం పారించే బావికి కూడా నలభయ్యేనని ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయం. ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) 60 అన్నారు. "మన షరీఅత్ పద్నాలుగు శతాబ్దాల క్రిందటనే బోరుబావుల సమస్యను పరిష్కరించింది" అని ఉపన్యసించేవారు ఈ అంకెను చూపిస్తారు. వారు రెండు సంగతులు వదిలిపెడుతున్నారు.

మొదటిది: ఈ హద్దు ఎవరికీ చెందని బీడు నేలలో తవ్విన బావికి. ఉస్మానియా సామ్రాజ్యంలో 1869, 1876 మధ్య హనఫీ ఫిఖ్హ్ ఆధారంగా క్రోడీకరించిన మజల్లా, సొంత భూమిలోని బావికి హరీమ్ లేదనీ, పొరుగువాడు తన భూమిలో దాని పక్కనే తవ్వుకోవచ్చుననీ స్పష్టంగా చెబుతుంది. హరీమ్ వెలుపల తవ్విన బావిలోకి మొదటి బావి నీరు పోయినా అడ్డగించరాదంటుంది. ఒకని అంగడి దగ్గర మరొకడు అంగడి పెడితే మొదటివాని బేరం తగ్గినందుకు రెండోది మూయించరు గదా అని పోలిక చెబుతుంది. మన పట్టా భూముల విషయంలో ఇది 1882 చట్టానికి ఎంత దూరంలో వున్నది? భూగర్భజలం ఎవరి సొత్తూ కాదని అదే మజల్లా చెప్పినప్పటికీ, తోడేవానికి అడ్డు లేనప్పుడు ఆ మాట ఆచరణలో నిలవదు. ఈ కష్టాన్ని దాచిపెట్టి షరీఅత్‌ను పొగడటం దానికి సేవ కాదు.

రెండోది ఇంతకంటె ముఖ్యం. నలభై ఎందుకు అరవై అయింది? తోడే తాడు పొడవు, ఒంటె నడిచే దారి అంత స్థలం కోరుతాయి కనుక. మన కపిల బావి దగ్గర ఎద్దులు దిగే వాలుదారి వంటిదే అది. అంటే ఇద్దరు మహా ఫఖీహులు తమ ఉస్తాదుతో విభేదించి మరీ పనిముట్టును చూసి కొలత మార్చారు. సబ్‌మెర్సిబుల్‌కు నేల మీద నడకదారి లేదు. దాని దారి రాతి పగుళ్ళలో ఎంత దూరమో మనకు తెలియదు. దానికి ఒంటె కొలత పెట్టడం ఇమామ్ అబూ యూసుఫ్‌ను అనుసరించడం కాదు, ఆయన పద్ధతిని వదిలివేయడం.

ఇమామ్ మాలిక్ (రహ్మ) మార్గం మన రాతినేలకు మరింత దగ్గరగా వున్నట్లు కనిపిస్తుంది. ఆయన బావికి స్థిరమైన కొలత పెట్టలేదు. నేల గట్టిదా మెత్తనిదా చూడమన్నారు, కొత్త తవ్వకం వల్ల పాత బావి నీటికి నష్టం కలిగితే దాన్ని ఆపే హక్కు ఇచ్చారు. అనగా దూరాన్ని గాక నష్టాన్ని కొలవడం. వాల్టా అని పిలువబడే 2002 నాటి రాష్ట్ర చట్టం ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్లలోపు మోటారు బావి తవ్వరాదన్నది. దప్పికకు మొదటి హక్కు ఇవ్వడం మెచ్చదగినది. ఫుఖహా షఫా అని గుర్తించినది ఈ హక్కునే. కాని రెండు సేద్యపు బోర్ల మధ్య తగవు వచ్చినప్పుడు నష్టాన్ని రుజువు చేసేదెవరు? బోర్ల నీటిమట్టం కొలిచి ఊరి చావడిలో గోడ మీద వ్రాసే ఏర్పాటు వుంటే తప్ప ఏ తహసీల్దారూ, ఏ ఖాజీ తీర్పు చెప్పలేరు. పోయిన సాక్ష్యాన్ని తిరిగి తేవడం మొదటి పని. 2025 ఆగస్టులో హంద్రీనీవా కుప్పం శాఖా కాలువకు కృష్ణా నీరు వచ్చింది. చెరువులు నిండితే సంతోషమే. ఆ నీరు భూమిలోకి ఇంకిన తరువాత మళ్ళీ ఎవరి బోరు లోతైతే వానిదే.

ఈ విచారణకు నన్ను పురికొల్పినది ఒక చిన్న సంఘటన. ఈ మండలాలలోని ఒక మసీదులో వుజూ కోసం, వీధివారి తాగునీటి కోసం సదఖయె జారియాగా బోరు వేయించారు. చందా ఇచ్చినవారిలో నేనూ ఒకడిని. తొమ్మిది వందల అడుగుల దగ్గర నీరు పడింది. రెండో వేసవికి వెనుక వీధిలో మగ్గం నేసుకునే కుటుంబపు పాత బోరు ఎండిపోయింది. వారు వచ్చి అడిగినప్పుడు ముతవల్లీ నొచ్చుకున్నారు, కాని జవాబు సిద్ధంగానే వుంది: "కొలిచి చూడండి సాబ్, నలభై మూరల అవతలే వుంది." కొలిస్తే నిజమే. మసీదు బోరు వల్లనే ఎండిందని రుజువు లేదు, కాదని రుజువూ లేదు.

చివరికి ప్రహరీగోడకు బయటివైపు ఆ కుటుంబం కోసం ఒక కొళాయి పెట్టారు, ఉదయం గంట, సాయంత్రం గంట. మసీదు కరెంటుకు మీటరు వున్నది కాబట్టి బిల్లు మాట వచ్చింది. కమిటీలో ఒక యువకుడు ఆ కొళాయి దానమా, పరిహారమా అని అడిగాడు. దానమైతే గంటలు నిర్ణయించే హక్కు కమిటీకి వుంది. పరిహారమైతే లేదు. మూడు జుమాలు గడిచినా ఆ విషయం తేలలేదు.