అడగడం అయ్యాక ఆగడం

బద్వేలు వైపు ఏ ఇంట్లో ప్రార్థన కూటం పెట్టినా ముందుగా వచ్చేవి కష్టాలే. బోరులో నీళ్లు పడాలని, కువైట్‌కు పోయిన బిడ్డ క్షేమంగా ఉండాలని, అప్పు తీరాలని ఒకరి తర్వాత ఒకరు గొంతెత్తి అడుగుతారు. అందులో తప్పు లేదు. అడగమన్నది యేసే. కానీ ఆఖరి ఆమెన్‌తోనే అందరూ లేచిపోతారు. ఎవరిని అడిగామో ఆయన ఎదుట కాసేపు కూర్చోవద్దా? అలా కూర్చోవడమే ధ్యాన ప్రార్థన. మన సంఘాలు దాన్ని కలిసి నేర్చుకోవాలి.

ధ్యానం మనది కాదని జంకే పెద్దలున్నారు. కానీ యేసు తెల్లవారకముందే లేచి నిర్జన ప్రదేశానికి వెళ్లి ప్రార్థించాడని మార్కు సువార్త మొదటి అధ్యాయమే చెబుతోంది. మూడు, నాలుగు శతాబ్దాల్లో ఈజిప్టు ఎడారుల్లో అంతోని వంటి తపస్వులు ఆ దారినే నడిచారు. తెలుగు నేల మీదా ఈ దారి ఉంది. రాజమండ్రి దగ్గరి జేగురుపాడులో పుట్టిన ముంగమూరి దేవదాసు అయ్యగారు 1938లో బైబిలు మిషను స్థాపించారు. ఆయన నేర్పిన ప్రార్థనలో మనసును నిదానపరచుకోవడం, తప్పులు ఒప్పుకోవడం, స్తుతించడంతో పాటు మాటలు మాని దేవుని కోసం కనిపెట్టడం కూడా ఉంది. 1960లో ఆయన కన్నుమూసినా అలా కనిపెట్టే సన్నిధి కూటాలు ఆగలేదు.

కనిపెట్టడమంటే పని లేక కూర్చోవడం కాదు. వాన కురిశాక పదును కోసం చూసే రైతును ఎవరూ సోమరి అనరు. ఆ ఎదురుచూపుకు కొన్ని పద్ధతులున్నాయి.

మొదటిది వాక్యంతో కూర్చోవడం. పన్నెండో శతాబ్దంలో రెండో గ్విగో అనే సన్యాసి దీనికి నాలుగు మెట్లు చెప్పాడు: చదవడం, మననం చేయడం, ప్రార్థించడం, దేవుని ఎదుట నిలిచిపోవడం. మార్కు పదో అధ్యాయంలోని గుడ్డి బర్తిమయి కథ తీసుకోండి. నెమ్మదిగా చదవండి. నీ కోసం నేనేం చేయాలి అని యేసు అతన్ని అడిగాడు. ఆ ప్రశ్న మిమ్మల్నే అడిగాడనుకుని దానితో ఉండండి. లోపలి నుంచి వచ్చిన జవాబును ఆయనకే చెప్పండి. ఆ తర్వాత ఇంకేమీ వెతక్కండి.

రెండోది నామ ప్రార్థన. యేసు పేరు పిలిచి, పాపినైన నన్ను కరుణించమని వేడుకునే ఒక చిన్న వాక్యాన్ని తూర్పు సంఘాల క్రైస్తవులు శతాబ్దాలుగా ఊపిరితో కలిపి జపిస్తున్నారు. చదువు రాని అవ్వకైనా ఇది అందుతుంది. కలుపు తీస్తూ చేసుకోవచ్చు, బస్సులో కూర్చునీ చేసుకోవచ్చు.

మూడోది ఒకే మాట పట్టుకుని కూర్చోవడం. 1970లలో అమెరికాలోని స్పెన్సర్ మఠంలో థామస్ కీటింగ్, ఆయన తోటి సన్యాసులు దీన్ని మామూలు విశ్వాసులకు తగినట్టు మలిచారు. తండ్రీ, ప్రభువా వంటి ఒక మాట ఎంచుకుని ఇరవై నిమిషాలు కూర్చుంటారు. ఆలోచనలు వస్తాయి. వాటితో పోట్లాడరు, మెల్లగా ఆ మాట దగ్గరికి తిరిగి వస్తారు. ఎన్నిసార్లు మనసు జారినా తిరిగి రావడమే ఇక్కడ ప్రార్థన.

ఇవన్నీ ఒక్కరే మొదలుపెడితే నాలుగు రోజులకు విసుగొస్తుంది. పక్కన మరో పదిమంది కదలకుండా కూర్చుంటే మనమూ లేవం. అవిలా తెరేసా అనే సన్యాసిని 1562లో తన మొదటి మఠాన్ని కొద్దిమందితోనే ప్రారంభించింది. మౌన ప్రార్థనకు తోడు కావాలని ఆమెకు తెలుసు. మన ఇళ్లలోనూ ఇది సాధ్యమే. చాపలు పరిచి గుండ్రంగా కూర్చోవాలి. ఒకరు వాక్యం రెండుసార్లు చదవాలి. గడియారం చూసే బాధ్యత ఒకరికే ఇవ్వాలి. మౌనం ముగిశాక ఇష్టమున్నవాళ్లు ఒక్క మాట చెప్పవచ్చు. ఆ మాటకు ఎవరూ సలహా ఇవ్వకూడదు, గడప దాటించకూడదు. చివర్లో అందరూ కలిసి పరలోక ప్రార్థన చెప్పాలి. తీవ్రమైన దుఃఖంలోనో, మానసిక అనారోగ్యంతోనో ఉన్నవాళ్లను ఎక్కువసేపు మౌనంలో ఉంచకూడదు. వాళ్లకు తోడుండే మనిషీ, వైద్యుడూ కావాలి.

ఇంతా చేస్తే ఏమొస్తుంది? దర్శనాలు లెక్క కాదు. పొరుగువాని మీద ప్రేమ పెరిగిందా లేదా అన్నదే తెరేసా పెట్టిన పరీక్ష. గట్టు తగాదాలో ఒక మెట్టు దిగగలిగామా, కోడలి మాట చివరిదాకా విన్నామా, పక్క సంఘం వాళ్లను అన్నదమ్ములుగా చూడగలిగామా? మౌనంలో కలిసి కూర్చున్న కాథలిక్కుకూ, సి.ఎస్.ఐ. విశ్వాసికీ, బైబిలు మిషను సోదరికీ వాదించుకోవడానికి ఏమీ మిగలదు.

దీనికి కొత్త మందిరం అక్కర్లేదు, మైకు అక్కర్లేదు, చందా అక్కర్లేదు. ఉపవాస కూటం మనకు ఎలాగూ ఉంది. పాస్టరయ్యలూ, ఫాదర్లూ దాని చివర ఇరవై నిమిషాలు విడిచిపెడితే చాలు. వచ్చే వారమే మొదలుపెట్టవచ్చు.