పొడవు నేల మీదే తేలాలి

సంక్రాంతి పతంగికి దారం ఎంత పొడవుండాలని ఎవరూ ముందు లెక్క వేసుకోరు. చరఖాకు కొంత మాంజా, దాని వెనక సాదా దారం ఉంటే చాలు. గాలి లాక్కున్నంత వదులుతారు. పేంచ్ పడితే ఢీల్ ఇస్తారు, లేదా సర్రున లాగుతారు. ధూల్‌పేటలో కొన్న పతంగి ఎంత దూరం పోవాలన్నది ఆట మధ్యలో, గాల్లో తేలే సంగతి.

పవర్ కైట్ దగ్గర ఈ వరస తిరగబడుతుంది. ఎగరేసే మనిషినే ఈడ్చుకుపోగల ఈ గుడ్డ పటానికి చరఖా ఉండదు. రెండు చేతుల్లో రెండు హ్యాండిల్స్, వాటికి నాలుగు లైన్లు. పైన కట్టిన రెండూ బరువు మోస్తాయి, కింది రెండూ బ్రేకులు. పటం లేచాక ఒక్క అడుగు వదలలేం, ఒక్క అడుగు చుట్టలేం. 15 మీటర్లా, 20 మీటర్లా, 25 మీటర్లా అన్నది నేల మీద నిలబడి, గాలినీ మైదానాన్నీ చూసి ముందే తేల్చుకోవాలి. హైదరాబాద్ శివారు నార్సింగిలాంటి చోట ఆ నిర్ణయం ఎటు మొగ్గాలో చెప్పే ముందు, ఆ లైన్లను దగ్గరగా చూడాలి. చాలామంది కన్ను పటం రంగుల మీదే ఆగిపోతుంది. నాకైతే పనితనం లైన్లలోనే ఎక్కువ కనిపిస్తుంది.

మంచి లైన్ జతను వేళ్ల మధ్య పెట్టి చూడండి. మందం ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ. మామూలు జతలో బరువు లైన్లు 300 పౌండ్లు, అంటే 136 కిలోల దాకా ఓర్చుకుంటాయి. బ్రేకు లైన్లు 200 పౌండ్లవి. ఒకే బలం ఉన్నవి వేయొచ్చు కదా అనిపిస్తుంది. కానీ బ్రేకుల మీద పడే బరువు తక్కువ, అక్కడ మందం పెంచడమంటే గాలికి అనవసరంగా ఎదురొడ్డడమే. దారం మాత్రం డైనీమా, నెదర్లాండ్స్‌లోని డీఎస్ఎం పరిశోధకులు రూపొందించిన పాలీఇథిలీన్ పోగు. నీళ్లలో తేలుతుంది. బరువుకు బరువు తూస్తే ఉక్కును ఎన్నో రెట్లు మించుతుంది. నున్నగా ఉండటం దీని గొప్ప. పటం గింగిరాలు కొట్టి లైన్లు నాలుగైదు మెలికలు పడ్డా ఒకదాని మీద ఒకటి జారుతూనే ఉంటాయి, చేతి మాట పటానికి అందుతూనే ఉంటుంది.

ఆ నునుపే తలనొప్పి కూడా. ముడి నిలవదు. నిలిచినా, ముడి పడిన చోట లైన్ బలం దాదాపు సగం పోతుంది. అందుకే కొసల దగ్గర పాలిస్టర్ అల్లిక గొట్టాన్ని తొడుగుతారు. సన్నటి తీగ కొక్కెంతో లైన్‌ను ఆ తొడుగు లోపలికి లాగి, రెండూ కలిపి కుట్టి, ఉచ్చు వేసుకునే ముడిని తొడుగు మీద పడేలా చూస్తారు. కుట్టు బిగుసుకుపోతే లైన్ నలుగుతుంది, వదులైతే తొడుగు జారుతుంది. ఈ నాలుగంగుళాల పని చూస్తే చాలు, జత చేసింది ఎలాంటి చెయ్యో తెలిసిపోతుంది.

ఇంకొక పరీక్ష సమానత్వం. నేలలో ఒక మేకు దిగ్గొట్టి, నాలుగు కొసలూ దానికి తగిలించి, అవతల నిలబడి ఒకే బిగువుతో లాగి చూడాలి. కొత్తలో సరిగ్గానే ఉంటాయి. కొన్నాళ్లు ఎగిరాక బరువు మోసే రెండూ కాస్త సాగుతాయి, బ్రేకులు సాగవు. అప్పుడు మనం వేయకుండానే బ్రేకులు పడి, పటం వెనక్కి వాలి కూలబడుతుంది. పటం పాడైందని నిందిస్తారు, పాపం. హ్యాండిల్ దగ్గర వరసగా వేసి ఉంచిన ముడుల్లో ఒక ముడి మార్చుకుంటే సరిపోయే దానికి.

ఇక పొడవు. పవర్ కైట్ బలమంతా కదలికలోనే ఉంది. ఒకచోట నిలిపి ఉంచితే లాగేది తక్కువే, గాలికి అడ్డంగా దూకిస్తే గాలికంటే ఎన్నో రెట్లు వేగం అందుకుంటుంది. వేగం రెట్టింపైతే లాగుడు నాలుగింతలు. 1980లో అమెరికన్ ఇంజినీరు మైల్స్ లాయిడ్ కరెంటు తీసే పటాల కోసం వేసిన లెక్కకు మూలం ఇదే. 25 మీటర్ల లైన్ మీద పటం ఈ అంచు నుంచి ఆ అంచుకు అర్ధవృత్తం తిరిగితే దాదాపు 78 మీటర్లు. 15 మీటర్లయితే 47. గంటకు 54 కిలోమీటర్ల వేగంతో పోయే పటానికి మొదటి దారి ఐదు సెకన్లు, రెండోది మూడు. ఆ రెండు సెకన్లలోనే ఎగరేసేవాడు కాలు ఊనుకుని నిలబడటమో బోర్లా పడటమో ఉంటుంది. నేర్చుకునేవాళ్లకూ, గాలి జోరుగా ఉన్నప్పుడూ పొట్టి లైన్లు ఇచ్చేది అందుకే. కుదుపు బలంగానే వస్తుంది, కానీ తొందరగా అయిపోతుంది.

పొట్టిదైతే అన్నీ మేలేనా అంటే కాదు. పటం మలుపు తిరిగే చుట్టు పటం సొంత గుణం, లైన్ పొడవును బట్టి అది మారదు. పెద్ద పటం పది మీటర్ల లైన్ల మీద మలుపు మొదలుపెడితే అది పూర్తయ్యేలోపు ఆకాశమే అయిపోతుంది. పైగా ఎత్తుకు పోయేకొద్దీ గాలి పెరుగుతుంది. చదునైన బయలులో 10 మీటర్ల ఎత్తులో కంటే 20 మీటర్ల ఎత్తులో గాలి వేగం సుమారు 10 శాతం ఎక్కువ, లాగుడు 20 శాతం పైచిలుకు. తక్కువ గాలికి పెద్ద పటం, పొడవు లైన్లు అనే అలవాటు ఇక్కడి నుంచే వచ్చింది.

దీన్ని చివరి దాకా తీసుకుపోయినవాడు జార్జ్ పొకాక్. బ్రిస్టల్‌లో బడిపంతులు, క్రికెటర్ డబ్ల్యూ.జి. గ్రేస్‌కు అమ్మ తరఫు తాత. పటాలతో బండి లాగించి 1826లో పేటెంట్ తీసుకున్నాడు. ఆయనవీ నాలుగు తాళ్లే. కానీ ఆయన పటాన్ని దూకించలేదు, నిలకడైన గాలి దొరికేదాకా వందల అడుగులు పైకి పంపాడు. గుర్రం లేని బండికి ఎంత సుంకం వేయాలో తెలియక టోల్‌గేటు వాళ్లు వదిలేశారని ఒక ముచ్చట ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆ పప్పులు ఉడకవు.

పొకాక్ ఉపాయమూ నార్సింగిలో పనిచేయదు. ఏ అడ్డంకి వెనకైనా గాలి దాని ఎత్తుకు పదింతల దూరం దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువగా, సుడులు తిరుగుతూనే ఉంటుంది. కోకాపేట, పుప్పాలగూడ వైపు నలభై అంతస్తులు దాటిన టవర్లు లేచాయి. ఒక్కొక్కటి 130 మీటర్లు అనుకున్నా, దాని నీడలో కిలోమీటరుకు పైగా గాలి చెడిపోయి ఉంటుంది. అలాంటి చోట 25 మీటర్ల లైన్‌ను 30 చేస్తే కొత్తగా కలిసొచ్చేది ఏమీ లేదు. పైనా అవే సుడులు. పైగా పొడవు పెరిగేకొద్దీ పటం కుప్పకూలి మళ్లీ తెరుచుకునేలోపు దొర్లే దూరం పెరుగుతుంది, ఖాళీ నేల ఎక్కువ కావాలి. వానాకాలపు పడమటి గాలి గండిపేట నీళ్ల మీదుగా నునుపుగా వచ్చే రోజు, టవర్ల నీడ పడని బయలు దొరికితే కథ వేరు. మిగతా రోజుల్లో ఇక్కడ పొట్టి లైన్లు, చిన్న పటం, ఓపిక. కరెంటు తీగలు కనిపించే చోట ఏ పొడవూ వద్దు.

సంక్రాంతి వారంలోనూ వద్దు. బిగుతుగా ఉన్న డైనీమాకు మాంజా తగిలితే ఇట్టే తెగుతుంది. చట్టం సంగతి కూడా ఒకటుంది. 2024 చివరిదాకా అమల్లో ఉన్న 1934 నాటి విమానాల చట్టం గాలిపటాన్ని కూడా విమానాల్లోనే లెక్కేసింది. 2017 జులైలో జాతీయ హరిత ట్రైబ్యునల్ నైలాన్, సింథటిక్ పతంగి దారాలను దేశమంతటా నిషేధించింది. గాజు పూత లేకపోయినా పాలీఇథిలీన్ సింథటిక్కే. ఎగరేయదలచినవాళ్లు ముందుగా పోలీసులను అడిగి తేల్చుకోవడం మంచిది.

ఒకే జత కొనాల్సి వస్తే 15 మీటర్లదే కొంటాను. దానికి తోడు 10 మీటర్ల అతుకు లైన్లు నాలుగు. తొడుగు ఉచ్చులో ఉచ్చు దూర్చి కలుపుకుంటే 25 అవుతుంది. అతుకును ఎటు కలపాలన్న దగ్గర తేడా తెలుస్తుంది. పటం దూకేటప్పుడు లైన్ అంతా ఒకే వేగంతో కదలదు. చేతి దగ్గర దాదాపు కదలికే ఉండదు, పటం దగ్గర పటమంత వేగం. ఆ లెక్కన పటాన్ని వెనక్కి పట్టే లైన్ ఒరిపిడిలో 16లో 15 వంతులు పై సగం నుంచే వస్తాయి. అతుకు ముడి, దాని మీది లావు తొడుగు పై సగంలో పడితే పటం మందకొడి అవుతుంది, అదే చేతి వైపు కలిపితే పటానికి తెలియనే తెలియదు. కాబట్టి 15 మీటర్ల అసలు లైన్ ఎప్పుడూ పటం వైపే ఉండాలి, అతుకు హ్యాండిల్ వైపు.