కుట్టులోపలి గుడ్డ

గడచిన శ్రావణమాసమున మా మేనకోడలి వివాహమునకు కాకినాడ వెళ్ళినపుడు, ఆరునెలల పాటు తెల్లవారుజామున గోదావరి గట్టుమీద కాళ్ళరుగునట్లు నడచి, నోరు కట్టుకొని, తొమ్మిది కిలోల బరువు దించుకొన్న సంతోషముతో, క్రొత్తగా నడుము బిగింపించిన పంట్లాము తొడుగుకొని పందిటిలో అడుగిడిన నన్ను చూచి, మా పిన్ని రెండు చేతులును బుగ్గలకు చేర్చుకొని, "ఏరా నాయనా, ఇలా చిక్కిపోయావేమిట్రా? ఒంట్లో బాగుండటం లేదా? కోడలు పిల్ల సరిగ్గా పెట్టటం లేదా?" అని వాపోయినది. నా తపఃఫలము ఆ విధముగా రెండు పాళ్ళయి, జాలి నాకును, నింద నా భార్యకును ముట్టినవి. ప్రక్కనే యున్న మరియొక బంధువు, తన వంతు ధర్మము తాను నెరవేర్చుటకు కాబోలు, చక్కెరవ్యాధి యేమైన బయటపడినదా యని నా చెవిలో మెల్లగా నడిగెను.

తిరుగు ప్రయాణమున ఆలోచించుకొనగా నాకొక సంగతి తోచినది. లావెక్కినవానిని మనము 'ఒళ్ళు చేసినాడు' అందుము; 'నిండుగా నున్నాడు', 'కళగా నున్నాడు' అందుము. తగ్గినవానికో, 'చిక్కినాడు', 'పీక్కుపోయినాడు', 'ఎండిపోయినాడు', 'సగమైనాడు' అను మాటలే గాని, అభినందించుట కొక్క పలుకైనను చేతికి తగులదు. ఇందుకు మా పిన్నిని తప్పుపట్టరాదు. 1832–33లో, నందన నామ సంవత్సరమున, గుంటూరు సీమను మ్రింగిన క్షామమునకు ప్రజలు 'డొక్కల కరవు' అని పేరు పెట్టుకొనిరి. 1876లో ధాత కరవు వచ్చినది. ప్రక్కటెముకలు పైకి కనబడుటయే మృత్యుదేవత మొదటి జాబుగా నెరిగిన తరములవారు, పొట్టను ఐశ్వర్యమనియు, బుగ్గలను భాగ్యమనియు చెప్పుకొనుటలో వింత యేమున్నది? ఆ రెండు కరవుల నడుమ, 1847లో ఆరంభమై 1852 నాటికి పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట మా సీమను వరిచేలతో నింపినది. మా భాష యింకను డొక్కల కరవు నాడే నిలిచియున్నది. మా విస్తరి మాత్రము ఆనకట్ట క్రింద పరచుకొని యున్నది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలయందు నూటికి 36 మంది అధికమైన బరువు గలవారని తేలినను, ఏ యింటనైనను చిక్కిన కోడలిని చూచి మెచ్చుకొన్నవారు నాకింతవరకు కనబడలేదు. కనుక మనలో బరువు తగ్గ దలచినవాడు మెప్పును బంధువుల నుండి కోరక, కావలసిన ధైర్యమును ఆవకాయ వలె ఇంటనే పెట్టుకొని నిలువచేసికొనవలెను. దానిని నేను పెట్టుకొన్న తీరు చెప్పుటయే యీ వారము నా పని.

నా వ్రతమునకు మూలము ఒక బూటు తాడు. ఒకనాటి యుదయమున కళాశాలకు బయలుదేరుచు, వంగి తాడు ముడివేయబోయి, ఊపిరాడక మంచముపై కూలబడి, కాలెత్తి మోకాలిపై వేసికొనుటకును సాధ్యము గాక, భార్యను పిలుచుటకు సిగ్గుపడి, చెప్పులతోనే వెళ్ళితిని. ఆ సాయంకాలమే ఒక వైద్యుని చూడగా, ఆయన నా బరువు 94 కిలోలనియు, ఎత్తు 168 సెంటీమీటర్లనియు వ్రాసికొని, ఎత్తును మీటర్లలో వర్గము చేసి, దానితో బరువును భాగించి, 33 అను అంకెను నా చేతిలో పెట్టి, మన దేశీయులకు 23 దాటినచో అధికమనియు, 25 దాటినచో స్థూలకాయమనియు విశదపరచెను. ఆ అంకె పరీక్షలో తప్పిన విద్యార్థికి మార్కుల వలె చాలదినములు నన్ను వెంటాడినది. తరువాత పుస్తకములు తిరుగవేయగా, 1832లో ఆ సూత్రమును కనిపెట్టిన అడోల్ఫ్ కెట్లే యను బెల్జియము దేశీయుడు వైద్యుడే కాడనియు, నక్షత్రములను లెక్కించు గణితవేత్త యనియు, సగటు మానవుని కొలతలను తెలిసికొన గోరెనే గాని యెవ్వరి లావునకును తీర్పు చెప్ప దలపలేదనియు, దానికి నేటి పేరు 1972లో ఆన్సెల్ కీస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు పెట్టెననియు తెలిసినది. ఆ మాట తెలిసిన పిదప అంకెను చూచు చూపు మారినది. అది నా ఎత్తునకును బరువునకును గల సంబంధమును చెప్పును, నాకును నా విద్యార్థులకును గల సంబంధమును చెప్పదు. పైగా వైద్యుడు మరియొక యూరట కలిగించెను. నూటికి అయిదు పాళ్ళు తగ్గినను రక్తపోటు, చక్కెర మెరుగుపడ నారంభించునట. 94లో అయిదు పాళ్ళనగా అయిదు కిలోలైనను లేదు. కొండ యనుకొన్నది దిబ్బయైనది.

అయినను మన జాతికి సహజమైన ఆరంభశూరత్వము నన్ను విడిచిపెట్టలేదు. లంఖణము పరమౌషధమను సామెతను అక్షరాల నమ్మి, రాత్రి భోజనము మాని, మధ్యాహ్నము రెండు పుల్కాలతో సరిపెట్టుకొనగా, పది దినములలో మూడు కిలోలు తగ్గినవి. ఊరంతయు చెప్పుకొంటిని. అటుపై మూడు వారములు త్రాసు ముల్లు కదలలేదు. మొగము చాటువేసికొని తిరిగితిని. శరీరము పిండిపదార్థమును గ్లైకోజెన్ రూపమున కాలేయమునందును కండరములందును దాచుకొనుననియు, ప్రతి గ్రాముతోను సుమారు మూడు గ్రాముల నీటిని కూడ పట్టియుంచుననియు, తిండి తగ్గించినంతనే మొదట ఆ నిలువ కరగి నీరు వెడలిపోవుననియు వైద్యుడు చెప్పిన పిదప గాని, నా మొదటి పదిరోజుల గర్వము నిజముగనే నీటిమీది వ్రాత యని తెలియలేదు. కిలో కొవ్వు కరగవలెనన్నచో సుమారు 7,700 కేలరీల లోటు పడవలెను. దినమునకు 550 తగ్గించినను ఒక్క కిలోకు రెండు వారములు పట్టును. ఆ లెక్క వినినవాడు వారమున రెండు కిలోలు పోలేదని యేడువడు.

ఆ మూడు వారములలోనే మరియొక దుర్గుణము బయలుదేరినది. తరగతిలో నొక విద్యార్థి యావులించిన మండిపడితిని; ఇంట గిన్నె చప్పుడైన విరుచుకుపడితిని; హోటలు ముందు నడచునపుడు పెసరట్టు కాలుచున్న వాసనకు కన్నులు చెమరించినవి; ఒకనాటి రాత్రి కలలో తాపేశ్వరము కాజా వచ్చి నాతో ముచ్చటించినది. ఇంతకాలమును శాంతస్వభావుడ ననుకొన్న నేను, అది శాంతము గాక కడుపునిండిన మత్తు మాత్రమేమో యని నన్ను నేనే అనుమానించుకొంటిని. ఆ యనుమానమును తీర్చినవాడును పైన చెప్పిన కీస్ మహాశయుడే. యుద్ధమున ఆయుధము పట్టమని నిరాకరించిన 36 మంది యువకులు, క్షామపీడితులను తిరిగి కోలుకొనజేయు విధానము తెలియుట కొరకు స్వచ్ఛందముగా ముందుకు రాగా, 1944 నవంబరులో మిన్నెసోటాయందు ఆయన వారిపై ప్రయోగ మారంభించి, 24 వారములు సగము కడుపునకే తిండి పెట్టెను. వారి బరువు నాలుగవ వంతు తగ్గినది. ఆ సాధుస్వభావులే చిరచిరలాడిరి, దిగులుపడిరి, వంటల పుస్తకములను సేకరించి పురాణపారాయణము వలె చదివిరి. ఇది చదివి నేను నా శీలమును గూర్చి బెంగ మాని, నా పళ్లెమును గూర్చి యోచించితిని. అన్నము ఒక్క వడ్డనతో నాపి కూర రెట్టింపు చేయుట, సాయంకాలము గుప్పెడు శనగ గుగ్గిళ్ళు, రాత్రి ఆనపకాయ కూరతో జొన్నరొట్టె, పలుచని మజ్జిగ: ఇంతే మార్పు. వారము తిరుగకుండ ఇంట గిన్నెల చప్పుడు మామూలు చప్పుడైనది.

నావంటి బూటుతాడు బాధితుడు నాకు నూట అరువది యేండ్ల క్రిందట లండనులో ఒకడుండెను. విలియం బాంటింగ్ అంత్యక్రియల యేర్పాట్లు చేయు వ్యాపారి. బరువు 202 పౌనులు, అనగా ఇంచుమించు నా బరువే. వంగి తాడు కట్టుకొనలేక, మెట్లు దిగునపుడు వెనుకకు తిరిగి దిగెడివాడట. ఒకప్పుడు వైద్యుని సలహాపై ఉదయముననే పడవ నడుపగా, కండబలముతో పాటు ఆకలియు పెరిగి, బరువు మరింత హెచ్చినది. గట్టుమీద నడక ముగించి, శ్రమకు బహుమానముగా రోజ్‌మిల్క్ త్రాగిన దినములు నాకును గలవు గనుక, ఆ పడవలో నేనును కూర్చున్నట్లే తోచినది. తుదకాయన ఆహారమును మార్చుకొని, ఏడాదిలో 46 పౌనులు తగ్గి, 1863లో ఆ యనుభవమును చిన్నపుస్తకముగా అచ్చువేసి పంచిపెట్టెను.

మన చరకసంహిత సూత్రస్థానమున నిరువదియొకటవ అధ్యాయము పేరు అష్టౌనిందితీయము. మిక్కిలి పొడగరి, మిక్కిలి పొట్టివాడు, ఒడలంతయు రోమములు గలవాడు, రోమములే లేనివాడు, మిక్కిలి నల్లనివాడు, మిక్కిలి తెల్లనివాడు, మిక్కిలి లావైనవాడు, మిక్కిలి బక్కవాడు: లోకనింద కెనిమిది మంది గురియగుదురని ఆచార్యుడు ముందుగనే ఒప్పుకొని, నిందతో నిలువక, చివరి యిద్దరికిని చికిత్స చెప్పెను. స్థూలునకు మేలుకొనుట, వ్యాయామము, ఆలోచన పెంచుమనుచు, వాని నన్నిటిని క్రమక్రమముగా పెంచుమనెను. ఆ 'క్రమముగా' అను మాటను నేను నా నోటుపుస్తకము అట్టమీద వ్రాసికొంటిని.

ఆ నోటుపుస్తకమే నా సాధనము. ఎడమ పుటలో ప్రతి గురువారము ఉదయము చూచిన బరువు. మిగిలిన ఆరు దినములు త్రాసు మంచము క్రింద నిద్రించును, ఏలయన ఉప్పు, నీరు, మలబద్ధము కలిసి రాత్రికి రాత్రి కిలో కిలోన్నర అటునిటు ఆడించుట దానికొక క్రీడ. కుడి పుటలో శరీరము చేసిన పని: పుష్కరాల రేవు నుండి కోటిలింగాల రేవు దాక ఆగక నడచినది, రేవు మెట్లు రొప్పకుండ ఎక్కినది, ఉంగరము సబ్బు లేకుండ వేలినుండి వచ్చినది, బూటు తాడు నిలుచుండియే ముడివేసినది. ఎడమ పుట మొండికేసిన మాసములలో కుడి పుటయే నన్ను పట్టి నడిపినది. జాతకములో ఒక గ్రహము వక్రించిన వేరొక గ్రహము ఆదుకొనునని జ్యోతిష్కులు చెప్పుదురు గదా, అట్టిదే యిదియు.

కుడి పుటలో నింకొక లెక్క కూడ వ్రాసెడివాడను: ఆనాడు నన్ను గూర్చి నేను చేసికొన్న పరిహాసములెన్ని? లావుపాటివారికి సాధారణముగా నొక యలవాటుండును. ఎదుటివాడు నవ్వకముందే తామే తమ పొట్టపై నొక చలోక్తి విసరి సభను నవ్వింతురు. నేనును ఆ విద్యలో ఆరితేరినవాడను. దానిని వినోదమనుకొంటిని గాని, అది ముందుజాగ్రత్తగా తనను తాను కొట్టుకొనుట యని, లెక్క వ్రాయ మొదలిడిన పిదపనే తెలిసినది. మొదటి వారమున పదునాలుగు. తరువాత తరువాత తగ్గుచు వచ్చినవి. ఆ తగ్గుదల త్రాసునకు తెలియదు. విందులలో సైతము నేను వ్రతమును ప్రకటించుట మానితిని. "డైటింగులో ఉన్నాను" అన్న మాట వడ్డించువారి పౌరుషమును రేపును. విస్తరిపై చేయి అడ్డుపెట్టి, "కడుపు నిండిందండీ, పూర్ణాలు అమృతంలా ఉన్నాయి" అన్నచో వారును సంతోషింతురు, మనమును బయటపడుదుము.

ఇక దర్జీ సంగతి. పెండ్లికి ముందు పంట్లాములు నాలుగు పట్టుకొనిపోయి, నడుము దగ్గర రెండంగుళములు బిగించి, మిగిలిన గుడ్డ కత్తిరించివేయుమంటిని. ఆ వృద్ధుడు టేపు మెడలో వేసికొని, "కొయ్యొద్దండి మాస్టారూ, లోపలికి మడిచి కుడతానండి. గుడ్డంటూ ఉంటే రేపు కావాలన్నప్పుడు విప్పుకోవచ్చండి" అనెను. నా సంకల్పమును గూర్చి యాతనికి గల యవిశ్వాసమునకు లోలోన నొచ్చుకొంటిని. బిగించినందుకు పంట్లామునకు 80 రూపాయలిచ్చి వచ్చితిని.

సంక్రాంతి వచ్చినది. అరిసెలు, సున్నుండలు, అల్లుండ్రు, నాలుగు దినములు గట్టుమీదికి పోకుండుట. ఆ పైన జలుబు పేరిట మరి పది దినములు. మాసాంతమున ఎడమ పుటలో రెండున్నర కిలోలు హెచ్చు. 'అంతయు పోయినది, ఇక నీవల్ల కాదు' అని పలికిన లోపలి గొంతు మా పిన్ని గొంతు కంటె పదిరెట్లు కఠినముగా నుండెను. పంట్లాము పట్టక, దానిని తిరుగవేసి చూడగా, కుట్టు లోపల మడతపడి, వెలుగు సోకక, రంగు చెడక, రెండంగుళముల గుడ్డ నా కొరకు కాచుకొని యున్నది. ఆ ముదుసలి నన్ను శంకింపలేదు. మనుష్యుని ఒడలు పెరుగుచు తగ్గుచు నుండునని ఏబదియేండ్లుగా నెరిగినవాడు గనుక, నా దారిలో నేను వెనుకకు జారు దినమున కూడ నాకు వస్త్రముండునట్లు చూచెను. నా సంకల్పమునకు నేను అట్టి గుడ్డ వదలలేదు. తప్పిన దినమునకు చోటు లేకుండ బిగించి కుట్టుకొంటిని గనుకనే అది ఒక్క పండుగకు పిగిలినది.

మరునాడు పోయి ఒక అంగుళము వదులు చేయుమంటిని. ఆతడు ఏమియు నడుగలేదు, నవ్వలేదు. కన్నద్దములు సవరించుకొని, కుట్టు విప్పి, మరల కుట్టి, మడచి యిచ్చెను. ఎంతయని యడిగితిని. బిగించినందు కెంత తీసికొనెనో, వదులు చేసినందుకును అంతయే తీసికొనెను. ఇంటికి వచ్చి, ఆ గురువారపు బరువును, ఎడమ పుటలో, తగ్గిన దినముల అంకెలు వ్రాసిన సిరాతోనే వ్రాసికొని, మరునాటి తెల్లవారుజామున గట్టుమీదికి బయలుదేరితిని.