కాఫీ వర్తకము - ‘మాక్స్ హవెలార్’

ముల్తతూలి యను మాఱుపేర డౌవెస్ డెక్కర్ 1860లో డచ్చిభాషయందుఁ బ్రకటించిన నవల ‘మాక్స్ హవెలార్’. జావాలో 1830లో నేర్పడిన సాగుపద్ధతి రైతులచే నెగుమతిపంటలను నిర్బంధముగాఁ బండించి, లాభమును హాలండు బొక్కసమునకుఁ జేర్చెను. కథలో నొక దేశీయాధికారి సైజా తండ్రి యెనుబోతు నపహరించును. ఆమ్‌స్టర్‌డాములోఁ గాఫీదళారి డ్రోగ్‌స్టోపెల్ తన సత్యనిష్ఠను దానే పొగడుకొనును. ఆ యెనుబోతునకు నీ కాఫీకిఁ గల సంబంధమును బాఠకుఁడే గ్రహించునట్లు కథ నల్లుట గ్రంథకర్త ప్రతిభ.

కాని తుద నాతఁడు హాలండు రాజునకే మొఱపెట్టెను. లాభము పొందుచున్నది యా రాజ్యమే కదా! 1870లోఁ జెఱకు నిర్బంధమును గ్రమముగాఁ దొలఁగించుటకుఁ జట్టమయ్యెను. అధికలాభకరమగు కాఫీ నిర్బంధము మాత్రము 20వ శతాబ్దారంభము వఱకు నిలిచెను. అన్యాయమునకు మూలమగు లాభాపేక్షను రాజదయ యడంపఁగలదని నమ్ముటయే యీ యుత్తమగ్రంథమునఁ గల లోపము.