పచ్చికట్టె పాన్పుపై జమైకా జర్క్

పచ్చికట్టెను పొయ్యిలో పెట్టరాదని మన ఇల్లాండ్రకు ఎవరును చెప్పనక్కరలేదు. కన్నులను మండించి, కుండను మసిచేసి, తుదకు అన్నమైనను ఉడికింపనేరక ఆరిపోవు ఆ కట్టెయే కరీబియన్ సముద్రమందలి జమైకా ద్వీపమున మాంసపాకమునకు ప్రాణమని విన్నచో వారు నవ్వక మానరు.

1655లో ఆంగ్లేయులు స్పెయినువారి చేతినుండి ఆ ద్వీపమును లాగుకొన్న నాటికే దాస్యమును తెంచుకొని కొండలెక్కియున్నవారును, ఆ పిమ్మట తోటలనుండి పారిపోయి వారిని చేరినవారును మరూనులని ప్రసిద్ధులైరి. 1739లో ఆంగ్లప్రభుత్వమే దిగివచ్చి సంధి చేసికొనవలసిన యంతటి యోధులు వీరు. స్పెయినువారు తెచ్చి విడిచిన పందులు అడవులలో పెరుగగా, వానిని వేటాడి, ఉప్పును మిరపను పిమెంటో గింజలను దట్టించి, పొగబెట్టి వీరు నిలువ చేసికొనెడివారు. దీనికే జర్క్ అని పేరు.

ఆల్‌స్పైస్ అని మనకు అంగళ్లలో దొరకు దినుసు ఈ పిమెంటో చెట్టు కాయయే. మన జామ, నేరేడు, లవంగములకు ఈ వృక్షము సగోత్రము. లవంగమునకు ఘాటునిచ్చు యూజెనాలే దీని ఆకునందును కాయయందును నిండియుండును.

ఇక పాకవిధానము. ముందుగా కట్టెలు కాల్చి, మంట పూర్తిగా అణగి నిప్పులు మాత్రము మిగిలిన పిదప, వానికి పైయెత్తున అప్పుడే నరికిన పిమెంటో కట్టెలను ఒకదాని ప్రక్క నొకటిగా పేర్చి, ఇనుప జల్లెడతో పనిలేకుండ మాంసమును తిన్నగా ఆ కట్టెలపైననే పరచి, పైని రేకులు కప్పుదురు. పచ్చికట్టె బరువులో ఇంచుమించు సగము నీరే యుండవచ్చును. ఆ నీరు ఆవిరియై పోవునంతవరకు కట్టె వేడి నూరు డిగ్రీలను మించి అంతగా పెరుగనేరదు గనుక, అది భగ్గున మండక, చెమర్చుచు, అడుగున మాత్రము మెల్లగా రాజుకొనుచు, ఆవిరిని పొగను కలిపి పైకి పంపును. రాజుకొన్న కట్టెలోని లిగ్నిన్ విడివడగా పుట్టు గ్వయకాల్ మొదలగు ద్రవ్యములే పొగకు రుచి నిచ్చునవి. పూర్తిగా ఎండి బొగ్గుబారిన కట్టె ఇక పాన్పుగా పనికిరాదు. దాని స్థానమున క్రొత్తది వేయవలసినదే.

కిటుకంతయు ఇందే యున్నది. వేడిమి నిచ్చునది నిప్పు, పరిమళము నిచ్చునది పచ్చికట్టె. ఈ రెండు పనులను ఒక్కకట్టెకే అప్పగించి, పచ్చిదుంగలతోనే పొయ్యి రాజేసి గాలి బిగించినవాని మాంసము నల్లని జిగటమసి పట్టి నోట పెట్టరానంత చేదగును. మన ఇల్లాండ్ర తీర్పు ఆ విషయమున అక్షరాలా సత్యము.

సీసాలోని ముద్దను కోడికి పూసి విద్యుత్ పొయ్యిలో కాల్చి జర్క్ అని అమ్మువారు నేడు దేశదేశముల నున్నారు. అందు మసాలా యుండవచ్చును గాని జర్క్ లేదు. అయినను వారిని పూర్తిగా నిందింపలేము: కాయలు కాచు చెట్టును కట్టెకై మొదలంట నరుకుట కంటె అదియే మేలు. కొమ్మలు మాత్రము కోసి, మొక్కలు నాటుచుండినగాని ఈ విద్య నిలువదు. పోర్ట్‌లాండ్ తీరమందలి బోస్టన్ బే వంటి జర్క్ స్థలములకు పోగల పాఠకులు, రేకు క్రింద ఏ కట్టె యున్నదో అడిగి మరీ తినవలెను.