కొండెక్కడమే మొక్కు

ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో విజయవాడ ఆటోవాళ్ల నోట ‘గుణదల, గుణదల’ తప్ప ఇంకో మాట రాదు. అక్కడి కొండ మీద మేరీమాత తిరునాళ్లు. వచ్చేవాళ్లలో కతోలికులెవరో కానివాళ్లెవరో ఎవరూ ఆరా తీయరు.

ఇటలీ నుంచి వచ్చిన ఫాదర్ ఆర్లాటి 1924లో ఇక్కడ మాత స్వరూపాన్ని ప్రతిష్ఠించారు. కొండ కొమ్మున శిలువ 1933లో లేచింది. గుడి పూర్తయ్యేసరికి 1971. ముందు అమ్మ, ఆ వెనక జనం, గోడలు చివర్న. ఈ వరస నాకు నచ్చుతుంది.

ఆ మాతకు తెల్లటి వస్త్రం, నీలం నడికట్టు, చేతిలో జపమాల. ఇది ఫ్రాన్సులోని లూర్దు మాత పోలిక. 1858లో అక్కడి గుహలో బెర్నదెత్ అనే పేదింటి పిల్లకు మరియమ్మ కనిపించిందని నమ్మకం. ఆ పిల్ల చెప్పిన ఆనవాళ్లు విని ఫాబిష్ అనే శిల్పి చెక్కిన పాలరాతి బొమ్మను 1864లో అదే గుహలో నిలిపారు. తీరా చూస్తే అది బెర్నదెత్‌కే నచ్చలేదంటారు! తను చూసిన అమ్మ అలా లేదట. అయినా లోకమంతా పాకింది ఆ రూపమే. కృష్ణ ఒడ్డుకు చేరిందీ అదే.

అందుకే శిల్పం అందచందాల గురించి ఇక్కడ మాట్లాడబుద్ధి కాదు. జనం చేసే పనులే చూడాలనిపిస్తుంది. తలనీలాలిస్తారు, కొబ్బరికాయ కొడతారు, కొవ్వొత్తి వెలిగిస్తారు. చర్చిలో గుండు కొట్టించుకోవడమేమిటని మొహం చిట్లించేవాళ్లు కతోలికుల్లోనూ ఉన్నారు, కానివాళ్లలోనూ ఉన్నారు. నాకందులో వింతేమీ కనిపించదు. మొక్కు బాకీలాంటిది. తీర్చేవాడు తన ఊళ్లో చెల్లే నాణెంతోనే తీరుస్తాడు. లూర్దు వెళ్లినవాళ్లు ఊటనీళ్లు సీసాల్లో నింపుకొస్తారు. గుణదలకున్నది కొండ. కాబట్టి ఆయాసపడుతూ ఎక్కడమే సగం మొక్కు.

మెట్ల పక్కన ఓ తల్లి, అప్పుడే గుండు చేయించిన పిల్లాడి నెత్తిన కత్తి గాట్లకు తడి కొంగు అద్దుతోంది. వాడు కొబ్బరిముక్క కొరుకుతూనే ఏడుస్తున్నాడు. ‘‘ఊరుకోరా, అమ్మకిస్తామన్న జుట్టేగా,’’ అని అమ్మమ్మ సముదాయిస్తోంది. మీరు కతోలికులా అనడిగితే, కాదు బాబూ అంది. పిల్లాడు కడుపున పడ్డప్పుడు మొక్కుకున్నారట. అంతకుమించి చెప్పాల్సిందేమీ లేనట్టు, నూజివీడు బస్సు ఎక్కడాగుద్దని అడిగింది. తిరునాళ్లకి బస్సుల్ని దారి మళ్లిస్తారు కదా, రామవరప్పాడు రింగు దాకా నడవండమ్మా అన్నాను.